వినుట యను విద్య

నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులు గల ప్రతి విద్యాసంస్థయు, యోగ్యత గల కౌన్సెలరునో, మనశ్శాస్త్రజ్ఞునో, సాంఘిక కార్యకర్తనో ఒకరినైనను నియమింపవలయునని 2025 జూలై 25వ తేదీన సుప్రీముకోర్టు ఆజ్ఞాపించినది. 2023లో విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచుండిన యొక బాలిక మరణమునుండి పుట్టిన వ్యాజ్యమున ఈ తీర్పు వెలువడినది. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియెటు ఫలితములు వచ్చిన పిమ్మటి దినములను మఱచిన తల్లిదండ్రు లుండరు. ఈ యాజ్ఞను మేము మనసార స్వాగతించుచున్నాము. అయితే సర్వమును 'యోగ్యత గల' యను ఆ యొక్క విశేషణముమీద నిలిచి యున్నది. ఆ యోగ్యత యెట్టిది? ఏ చదువువలన అది యబ్బును? కాలేజీల యజమానులు ఈ ప్రశ్నను గట్టిగా వేసికొన్నట్లు మాకు కానరాదు.

మన ప్రాంతమున 'కౌన్సెలింగు' అను మాట కిప్పటికే రెండర్థములు స్థిరపడినవి. ఇంజనీరింగు సీట్లు పంచుట యొకటి. పోలీసుస్టేషనునకు పిలిపించి బుద్ధి చెప్పి పంపుట రెండవది. రెంటియందును పలుకువాడు అధికారి, తలయూచువాడు వచ్చినవాడు. మేమిచట చర్చింపదలచిన విద్యయందు ఈ వరుస తలక్రిందగును.

ఇంగ్లండు, స్కాట్లండు దేశములందు వ్యక్తికేంద్రిత కౌన్సెలింగు అను పేర విశ్వవిద్యాలయపు చదువొకటి పెంపొందినది. నారిచ్ నగరమందలి ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయమును, గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడు విశ్వవిద్యాలయమును ఈ శాఖకు పేరొందినవి. దీనికి మూలపురుషుడు అమెరికా దేశీయుడగు కార్ల్ రోజర్సు (1902-1987). మన రైతులకు ప్రీతి గొలుపు విషయ మొకటి కలదు. ఈయన తండ్రి షికాగోకు పడమట పొలము కొని కాపురము మార్చెను; కుమారుడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున మొదట చేరినది వ్యవసాయశాస్త్రము చదువుటకే. తన సిద్ధాంతమునకు ఉపమానము కూడ ఆయన ఇంటి నేలమాళిగనుండియే తెచ్చుకొనెను. శీతకాలమునకై చీకటిలో నిలువచేసిన బంగాళాదుంపలు, పైన నెక్కడనో యున్న చిన్న కిటికీ వెలుతురువైపు తెల్లని పాలిపోయిన మొలకలు చాచుచుండెనట. అవి యెన్నడును చెట్లు కావు. ఐనను ఎదుగుటకు యత్నము మానవు. వంకరపోయిన మనుష్యజీవితములందును ఆ యత్నమే యున్నదని ఆయన నమ్మిక. మొలకను పట్టి లాగినచో పైరు పెరుగదని మన సేద్యగాండ్రకు వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఈ నమ్మిక ఆయనకు గ్రంథములవలన రాలేదు. 1928 మొదలు 12 ఏండ్లు న్యూయార్కు రాష్ట్రమందలి రాచెస్టరు పట్టణమున బాలసంరక్షణ సంఘమున పనిచేయుచు, ఒక దుడుకు పిల్లవాని తల్లితో ఆయన పలుమాఱులు మాటలాడెను. బాల్యమున వాని నామె ఆదరింపకపోవుటయే సకలమునకు కారణమని సున్నితముగ నచ్చచెప్ప జూచి విఫలుడయ్యెను. ఇక చాలింతమని ఇరువురును ఒప్పుకొనిరి. ఆమె గుమ్మముదాక పోయి వెనుదిరిగి, ఇక్కడ పెద్దవారిని కూడ చూతురా యని యడిగెను. చూతు మనగా, మరల కూర్చుండి తన కాపురపు గోడెల్ల వెళ్లబోసికొనెను. అంతవఱకు ఆమె చెప్పిన ముక్కచెక్కల చరిత్రకును దీనికిని పోలికయే లేదు. తల్లికిని బిడ్డకును మేలు కలిగినది ఆ తరువాతనే. ఎక్కడ నొప్పి కలదో, ఏ దారిని పోవలయునో వచ్చినవారికే తెలియునను ఎఱుక తనకు ఇట్టి యనుభవమువలన కలిగెనని 1961లో ప్రకటించిన గ్రంథమున రోజర్సు వ్రాసికొనెను. రోగి యను మాటను విడిచి ప్లీడర్ల వాడుకలోని 'క్లయింటు' అను మాటను ఆయన గ్రహించుటయు ఇందుకే. కక్షిదారునికి దావా తనదే గదా!

1957లో ఆయన ప్రకటించిన వ్యాసమందలి నియమములలో మూడు ప్రసిద్ధములైనవి. ఎదుటివాని లోకమును వాని కన్నులతోనే చూచి, ఆ చూచినది తనది కాదని మఱువకుండుట మొదటిది. దీనిని సహానుభూతి యనవచ్చును. ఏ షరతును పెట్టని యాదరము రెండవది. మూడవది లోపలను వెలుపలను ఒక్కటిగ నుండుట. దీనిని త్రికరణశుద్ధి యని తెనిగించుటకు మనసగును గాని, అందొక భేదము కలదు. త్రికరణశుద్ధి సంకల్పమును కోరును. ఇది అంతకుముందుగా తన్ను తాను ఎఱిగియుండుటను కోరును. ఎదుట కూర్చున్న విద్యార్థిమీద తనకు విసుగు పుట్టినదని తెలిసికొనలేని పెద్దమనిషి, ఎంత చిఱునవ్వు నవ్వినను ఆ విసుగు నవ్వులోనుండి తొంగిచూచును. పిల్లలు దానిని క్షణములో కనిపెట్టుదురు.

ఇట్టి గుణములను డిగ్రీగా నేర్పుట యెట్లు? ఇచటనే ఈ చదువు మన యెఱిగిన చదువులకు దూరమగును. విద్యార్థులు ముగ్గురేసి కూర్చుందురు. ఒకరు తమ నిజమైన చింతను చెప్పుదురు, ఒకరు విందురు, మూడవవారు గమనించి పిదప చెప్పుదురు. ఇంకొక వేళ తరగతి యంతయు వలయముగ కూర్చుండి, అధ్యక్షుడు లేక, పాఠము లేక, ఒండొరుల యెడ తమకు కలుగు భావములను దాచక పలుకవలయును. చాలమందికి ఇదియే కఠినమైన పాఠము. తమ సంభాషణలను యంత్రమున నెక్కించి, మాట మాటను కాగితముమీద పెట్టి, తామెందుకట్లు పలికితిమో ప్రతి పలుకునకు సంజాయిషీ వ్రాసికొందురు. ఈ పద్ధతికిని రోజర్సే ఆద్యుడని చెప్పవచ్చును. 1940లో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు పోయిన పిమ్మట ఆయన సంభాషణలను గ్రామఫోను పళ్లెములపై నెక్కింపజేసి, ఒక్క వ్యక్తితో జరిగిన ఎనిమిది సమావేశములను 1942 నాటి గ్రంథమున పొల్లు పోకుండ అచ్చువేసెను. అంతవఱకు తలుపు మూసిన గదిలో నేమి జరిగెనో చికిత్సకుని జ్ఞాపకమే ప్రమాణము. తాను శ్రద్ధగ వినుచున్నా ననుకొన్నవాడు ఎన్నిమాఱులు అడ్డుతగిలెనో యంత్రము దయలేక చూపును.

దీనిపైన నిజమైన క్లయింటులతో పని కలదు. బ్రిటనునందలి కౌన్సెలింగు, సైకోథెరపీ సంఘపు గుర్తింపు పొందిన శిక్షణలో 100 గంటలకు తక్కువ గాకుండ అట్టి పని చేసి యుండవలయును. ఆ గంటలన్నిటికిని అనుభవజ్ఞుడైన పర్యవేక్షకునికి లెక్క చెప్పుకొనవలయును. ఇన్ని గంటలు పట్టుటకు కారణము స్పష్టము. పుస్తకము పదిదినములలో ముగియును గాని, సలహా చెప్పవలెనను నాలుకదురద తీఱుటకు ఏండ్లు పట్టును.

ఇందొక చిక్కు లేకపోలేదు. నిరపేక్షమైన యాదరమునకు నూటికెన్ని మార్కులు వేయుదురు? రోజర్సే మార్కుల చదువును దుయ్యబట్టిన మనిషి. 1969 నాటి ఆయన విద్యాగ్రంథము దానికి సాక్షి. కొన్ని శిక్షణాలయములు విద్యార్థి తన్ను తాను తూచుకొనుటను, తోడివారు తూచుటను కూడ పరీక్షలో భాగము చేసినవి. మన దేశమున అట్టిది పొసగునా యని నవ్వువారుందురు. చేతికఱ్ఱ గల పరీక్షాధికారికి వెఱచి వినుట నేర్చినవాడు, వినుచున్నట్లు నటించుటను మాత్రము నేర్చునని మా యనుమానము.

ఈ మార్గము సర్వరోగనివారిణి యని మేము చెప్పబోము. మూడు నియమములే చాలునన్న మాటను శాస్త్రజ్ఞులు పలువురు ఒప్పుకొనరు. విస్కాన్సిన్‌లోని ఆసుపత్రిలో స్కిజోఫ్రెనియా గలవారితో రోజర్సు బృందము చేసిన ప్రయత్నపు ఫలితములు 1967లో ప్రకటింపబడినపుడు ఆయన యాశించినంతగా లేకపోయెను. మందు కావలసినచోట వైద్యునికడకు పంపుటయు కౌన్సెలరు ధర్మమే.

ఇక మన సంగతి. నిజమైన భయము ఈ తీర్పు నుల్లంఘింతురని కాదు, చవుకగా నెఱవేర్తురని. ఒక వారపు శిక్షణకు పోయి సర్టిఫికెట్టు తెచ్చుకొన్న లెక్చరరు పేరును గోడమీద వ్రాసి, ఆజ్ఞ తీఱినదనుట సులభము. హాజరు పట్టీయు, మార్కుల జాబితాయు, తండ్రికి ఫోను చేయు నధికారమును చేతనుంచుకొన్నవాని యెదుట ఏ బాలుడు నోరు తెఱచును? తెఱచినను ఆ బాలుడు మొదట అడుగునది 'నన్నేమి చేయమందురో మీరే చెప్పుడు సార్' అని. సలహా కోరుట మన మర్యాద, చెప్పుట మన పెద్దఱికము. చిన్నప్పటినుండి ఏ గ్రూపు చదువవలయునో, ఏ హాస్టలులో నుండవలయునో ఇతరులే తేల్చిన బిడ్డకు తన మాటను చివరిదాక ఒకరు వినుట క్రొత్త యనుభవము. అతనిని విసరికొట్టకయు, ఉపదేశము కురిపింపకయు ఆ క్షణమున నిలుచుటకే ఇంతటి చదువు కావలయును.

భాష మాట కూడ మఱువరాదు. ఈ శాస్త్రపు పుస్తకములు ఇంగ్లీషువి. దుఃఖము మాత్రము తెలుగున వచ్చును. 'బెంగ' యను మాటకు ఇంగ్లీషున సరియైన పలుకు మాకు దొరకలేదు. 'కడుపులో దేవినట్లున్నది' అని బిడ్డ పలికినపుడు దానిని 'డిప్రెషన్' అని వ్రాసికొనువాడు సగము జాఱవిడుచును. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయములలో మనశ్శాస్త్ర శాఖలు కలవు. తెలుగున సంభాషించి, తెలుగు సంభాషణలనే వ్రాసి పరిశీలించి, పర్యవేక్షణ గంటల లెక్క తప్పక చూపు రెండేండ్ల డిగ్రీని ఆ శాఖలు పూనుకొని నడుపవలయునని మా కోరిక. అంతవఱకు కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలీమానస్ వారి 14416 సంఖ్యయైనను ప్రతి హాస్టలు గోడపై కనబడవలయును.

తల్లిదండ్రులు ఫీజు చెల్లించుటకు పోయిననాడు కాలేజీవారిని మూడు ప్రశ్నలడుగుదురుగాక: మీ కౌన్సెలరు ఎన్ని గంటలు పర్యవేక్షణలో పనిచేసెను? అతడు విన్నది ఎవరెవరికి చేరును? అతని గది యెక్కడ? ప్రిన్సిపాలు గదికి ఆనుకొని, వచ్చుపోవువారందఱికి కనబడునట్లు తలుపున్న గది యైనచో, దానిని మార్పించిన పిదపనే రసీదు తీసికొనుడు.