ఆరని దీపము, ఆగిన యంత్రము

కేరళమునందలి నెడుంబాశేరిలో నున్న కొచ్చి విమానాశ్రయము 2015 ఆగస్టు 18వ తేదీనాడు 12 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రమును ప్రారంభించి, తన అవసరములన్నింటికిని చాలినంత విద్యుత్తును సూర్యునివలననే పొందు తొలి విమానాశ్రయమని లోకమున ప్రసిద్ధికెక్కినది. 2018లో ఐక్యరాజ్యసమితి దానికి పర్యావరణ పురస్కారము నొసగినది. ఆ ప్రశంసలలో మరుగుపడిన విశేష మొకటి కలదు. ఆ సంస్థ ఒక్కసారిగ నలువదియైదెకరముల నేలను సౌరపలకలతో కప్పివేయలేదు. 2013లో తన టెర్మినలు కప్పుపై 100 కిలోవాట్లు మాత్రము పెట్టి, పిమ్మట ఒక మెగావాటునకు పెంచి, ఆ అనుభవము చేతికందిన తరువాతనే పెద్దపనికి పూనుకొన్నది. రాత్రికొఱకు బ్యాటరీలను కూర్చుకొనక, పగటి మిగులును రాష్ట్ర విద్యుత్తు బోర్డు తీగలకు అప్పగించి, చీకటిపడిన పిదప వానినుండియే తిరిగి తీసికొను ఏర్పాటు చేసికొన్నది.

పగలు పనిచేసి సాయంకాలమునకు తలుపులు మూయు సంస్థలకు ఇంతకంటె అనుకూలమగు మార్గము వేరొకటి లేదు. గృహస్థునింట దీపములు వెలుగునది సూర్యుడస్తమించిన పిదప; కళాశాలలోను, న్యాయస్థానములోను, కలెక్టరు కార్యాలయములోను, ఆసుపత్రి ఓపీ విభాగములోను పంకాలు, ఏసీలు, కంప్యూటర్లు మిక్కిలిగ నడచునది సూర్యుడు నడినెత్తిన నున్న వేళ. నీడపడని డాబా పది చదరపు మీటర్లున్నచో ఒక కిలోవాటు అమరును. అది సగటున దినమునకు నాలుగు యూనిట్ల నిచ్చును. వేయి చదరపు మీటర్ల కప్పుగల కళాశాల, ఈ లెక్కన, దినమునకు నాలుగువందల యూనిట్లను తన నెత్తిమీదనే పండించుకొనవచ్చును. (ఎండ మండినకొలది కరెంటు పెరుగునని రెంటచింతలవారు సంతోషింప బనిలేదు, పలక 25 డిగ్రీలను మించి వేడెక్కిన ప్రతి డిగ్రీకి ఉత్పత్తి నూటికి 0.3 మొదలు 0.5 వంతువరకు తగ్గును. దానికి కావలసినది వెలుతురేకాని వేడి కాదు.) మూలధనము లేదనువారికి, ప్లాంటును వేరొక కంపెనీయే పెట్టి యూనిట్ల లెక్కన డబ్బు తీసికొను పద్ధతియు నున్నది.

ఇక చిక్కు ఎచ్చట నున్నది? ప్రారంభోత్సవమునకు మరునాడు మొదలగుచున్నది. గ్రిడ్డుతో ముడిపడిన సౌరయంత్రము ఆగిపోయినచో ఆ సంగతి ఎవరికిని తెలియదు. దీపము ఆరదు, పంకా నిలువదు. లోటును గ్రిడ్డు మాటాడక పూరించును. పెరిగిన బిల్లు నెలాఖరునకు వచ్చి, డాబా ఎక్కి యెరుగని గుమాస్తా చేతిలో పడును. అతడు దానిని చెల్లింపునకు పంపును. పావురముల రెట్ట, మేడమీద క్రొత్తగ కట్టిన నీళ్ల ట్యాంకు నీడ, రోడ్డు దుమ్ము, ఇన్వర్టరులో వెలిగిన ఎఱ్ఱదీపము, ఇవి యన్నియు నెలల తరబడి అట్లే యుండవచ్చును. ఒక పలకపై బడిన చిన్న నీడయైనను దానితో వరుసగ కలిపిన తక్కిన పలకల పనినిగూడ కుంగదీయునని సామాన్యుల కెట్లు తెలియును? కొచ్చిలో పలకలను కడిగిన నీటితో వాని సందులలో కూరగాయలు పండించిరి. అందఱును ఆ కూరగాయల ముచ్చట చెప్పుకొనిరి. నాకు అంతకంటె ఆనందకరమైనది వారు కడిగిరను సంగతి!

మన తిరుమలలో 2002లోనే, సూర్యుని వెంబడి తిరుగు దర్పణపు పళ్లెములతో ఆవిరి పుట్టించి, వేలాది భక్తులకు అన్నము వండు ఏర్పాటును నెలకొల్పిరి. అది విద్యుత్తు కాదు, ఉష్ణము. అయినను దానినుండి గ్రహింపవలసిన దొకటి కలదు. ఎండ ఇచ్చిన ఆవిరి తగ్గినచో ఆ లోటు బాయిలరు డీజిలులో కనబడవలసినదే. ఇంధనపు లెక్క వంటపనికి అంత సమీపమున నున్నచోట యంత్రపు సోమరితనము దాగుట కష్టము. మన కార్యాలయములలో డాబా ఇంజనీరుది, బిల్లు అకౌంట్లవారిది, పలకలు కంట్రాక్టరువి. ఈ మూడింటిని ఒక్క చేతిలో పెట్టి, నెలనెల వచ్చిన యూనిట్లను కరెంటు బిల్లు ప్రక్కనే వ్రాయు పుస్తకమును తెరువని సంస్థకు నిధులు మంజూరు చేయుట వృథా యని నా నిశ్చితాభిప్రాయము.

పల్లెల ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల సంగతి వేఱు. కరెంటు పోయినప్పుడు, లైనుమీద పనిచేయు మనుష్యుని ప్రాణరక్షణార్థము, బ్యాటరీ లేని సౌరయంత్రమును ఆగునట్లే నిర్మింతురు. టీకామందులను చల్లగ నుంచవలసినచోట, నడిరేయి కాన్పు చేయవలసినచోట బ్యాటరీ తప్పనిసరి. ఛత్తీస్‌గఢ్‌లో వందలాది ఆరోగ్యకేంద్రములకు బ్యాటరీతో కూడిన సౌరయంత్రములనే అమర్చిరి.

విద్యుత్ పంపిణీ సంస్థలగు డిస్కంల అభ్యంతరమునుగూడ తేలికగ త్రోసివేయరాదు. వాణిజ్యసంస్థలనుండి హెచ్చు ధరను రాబట్టి, ఆ సొమ్ముతో ఇతరుల భారమును కొంత మోయుట మన టారిఫుల స్వభావము. 2004 మొదలు రైతులకు ఉచితవిద్యుత్తు నిచ్చుచున్న మన రాష్ట్రములలో, మంచి బేరగాడు మేడమీది ఎండను నమ్ముకొనిపోయి రాత్రికి మాత్రము తీగలను వాడుకొన్నచో ఆ తీగల వ్యయమును మోయు వారెవ్వరు? న్యాయమైన ప్రశ్న. ఐనను దీనికి సమాధానము గ్రిడ్డునకు ఇచ్చినదానిని పుచ్చుకొన్నదానితో సరిచూచు నెట్ మీటరింగునకు అనుమతులను జాప్యము చేయుట కాదు. రైతు సబ్సిడీని ప్రభుత్వము తన ఖజానానుండి సకాలమున చెల్లింపవలయును. తీగలను వాడినందుకు సంస్థలు స్థిరమైన రుసుము నీయవలయును. ఆ రుసుము ఎంతయని తేల్చునది విద్యుత్ నియంత్రణ మండలి. దాని బహిరంగ విచారణలకు కళాశాలలును, ఆసుపత్రులును, కర్మాగారములును, తాము గ్రిడ్డున కిచ్చినదెంత, పుచ్చుకొన్నదెంత, ఏ గంటలో అను పుస్తకములను చేతబట్టి పోవుట మంచిది.