ప్రశ్న గుర్తు చాటున అబద్ధ సాక్ష్యం



చోడవరానికి రైలు లేదు. మనవాళ్లు పండక్కి రావాలంటే అనకాపల్లిలో దిగి బస్సో ఆటోనో పట్టుకోవాల్సిందే. అయినా డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్లలో రైలు మాటే. హైదరాబాదులో సెంట్రింగు పనికి వెళ్లినవాడు క్రిస్మస్‌కు వస్తాడా, సంక్రాంతికి వస్తాడా అని తల్లులు వేళ్లు మడుస్తూ కూర్చుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పత్రికలవాళ్లకు పూనకం వస్తుంది.

రెండేళ్ల కిందట క్రిస్మస్‌కు వారం ముందు ఒక పత్రిక జిల్లా పేజీలో ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే శీర్షిక: క్రిస్మస్‌కు రైళ్లు లేనట్టేనా? పక్కన కిక్కిరిసిన ప్లాట్‌ఫారం ఫొటో. ఆ ఫొటోలో సగం మంది చేతుల్లో గొడుగులున్నాయి. డిసెంబరులో గొడుగులేమిటి? అది ఎప్పటిదో వానాకాలం ఫొటో. అసలు సంగతి నాలుగో పేరాలో ఉంది. ట్రాకు పనుల వల్ల మూడు రోజులు కొన్ని ప్యాసింజర్లు రద్దు, రెండు ఎక్స్‌ప్రెస్‌లు దారి మళ్లింపు. అంతే. గోదావరి ఎక్స్‌ప్రెస్ పేరు అందులో ఎక్కడా లేదు.

మన సంఘంలోని ఒక పెద్దావిడ కొడుకు ఆ గోదావరికే రెండు నెలల ముందు నాలుగు బెర్తులు తీసుకున్నాడు. శీర్షిక ఫొటో అతని ఫోనుకు చేరింది. నాలుగో పేరా చేరలేదు. ఎలాగూ రద్దయ్యే రైలే కదా అని భయపడి తనే టిక్కెట్లు క్యాన్సిల్ చేశాడు, కొంత డబ్బు కోతపడింది. ప్రైవేటు బస్సుకు వెళ్తే మూడింతలు అడిగారు. నలుగురికి అంత ఎక్కడ తెస్తాడు? ఆగిపోయాడు.

ఇరవై నాలుగో తేదీ తెల్లవారుజామున నేను అనకాపల్లి స్టేషనులోనే ఉన్నాను, మా బావమరిది కోసం. గోదావరి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. వచ్చింది! ఆ సాయంత్రం పెద్దావిడ మనవల కోసం కుట్టించిన గౌన్లు మడిచి మందిరంలో నా చేతికిచ్చి, "ఏటయ్యగారూ, రైళ్లు లేవంట గదా, ఇవి ఇంకెవులైనా పిల్లలకిచ్చీండి" అంది. రైలు వచ్చిందని ఆవిడకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ ప్రశ్న గుర్తు ఉందే, దాని సంగతి చూడండి. "రైళ్లు లేవు" అని రాస్తే అబద్ధం, రేపు ఎవరైనా నిలదీస్తారు. "లేనట్టేనా?" అని రాస్తే, మేం అడిగాం గానీ చెప్పామా అంటారు. చదివినవాడి గుండెలో మాత్రం రెండూ ఒకే పని చేస్తాయి. తొమ్మిదో ఆజ్ఞ అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించినప్పుడు, చివర ప్రశ్న గుర్తు పెడితే ఫర్వాలేదని మినహాయింపు ఇవ్వలేదు.

సంఖ్యాకాండములో కనాను వేగు చూసి వచ్చిన పదిమందిని గుర్తు తెచ్చుకోండి. వాళ్లు చూసింది నిజమే. పట్టణాలు పెద్దవి, మనుషులు పొడుగువాళ్లు, ద్రాక్షగెల కూడా నిజమే. కానీ భయాన్ని ముందుపెట్టి, ద్రాక్షగెలను నాలుగో పేరాలోకి తోసేశారు. ఆ రాత్రంతా జనం ఏడ్చారు. నలభై ఏళ్లు అరణ్యంలో తిరిగారు.

భయం ఏం చేస్తుందో మన ఉత్తరాంధ్రకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. 2013 నవంబరు 2, దీపావళి ముందు సాయంత్రం. విజయనగరం దగ్గర గొట్లాంలో అలెప్పీ–ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్‌లో ఎవరో నిప్పంటుకుందన్నారు. గొలుసు లాగారు, చీకట్లో పక్క పట్టాల మీదికి దూకారు. ఆ పట్టాల మీద ప్యాసింజరు వచ్చేసింది. కనీసం ఎనిమిది మంది పోయారు. నిప్పు లేదు. ఆ పెట్టెలో అరిచినవాడు నిజంగా భయపడే అరిచి ఉంటాడు, వాణ్ణి నేను తప్పుపట్టను. కానీ ఏసీ గదిలో కూర్చుని, తీరిగ్గా అక్షరాల సైజు ఎంచుకుని, లక్షల మందికి వినబడేలా అరిచేవాళ్లను ఏమనాలి?

అబద్ధం వార్త బతికున్నవాళ్లనే కాదు, చచ్చిపోయినవాళ్లనూ వదలదు. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర రాయగడ ప్యాసింజరు, ముందున్న పలాస ప్యాసింజరును గుద్దింది. వెనక రైలు డ్రైవరు కూడా పోయాడు. నాలుగు నెలల తరువాత, డ్రైవరూ సహాయకుడూ ఫోనులో క్రికెట్ చూస్తున్నారని సాక్షాత్తు రైల్వే మంత్రే అన్నారు. పత్రికలు దాన్ని పతాక శీర్షికలకెక్కించాయి. ఆధారమేదని అడిగినవాళ్లు తక్కువ. తరువాత విచారణలో ఆ మాటకు ఆధారం లేదని బయటికొచ్చింది. మొదటి వార్త మన సంతలో కూరగాయలమ్మేవాళ్లకు కూడా తెలుసు. రెండోది చదివినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

"అయ్యగారూ, రైల్వేవాళ్లను వెనకేసుకొస్తున్నారా?" అని కొందరు అడగొచ్చు. లేదు. పండగ రోజుల్లో జనరల్ పెట్టెలో మనవాళ్లు మరుగుదొడ్డి గుమ్మం దగ్గర కూర్చుని రావడం నాకు తెలియనిదా? దాన్ని రాయమనే నా గోల. ఎన్ని పెట్టెలు పెట్టారు, ఎన్ని అవసరం, పండగ వారంలోనే ట్రాకు పని ఎందుకు పెట్టుకున్నారు, అడగండి. "నరకం", "బెంబేలు" అని రాస్తే అధికారికి చెమట పట్టదు. లెక్క అడిగితే పడుతుంది.

ఆ రోజు ఆ పేజీలో మూడు వాక్యాలకు చోటు ఉండాల్సింది. రైలు నడుస్తుందో లేదో 139కి ఫోను చేస్తే చెబుతారు. రైల్వే రద్దు చేస్తే టిక్కెట్టు డబ్బంతా తిరిగొస్తుంది, ఆన్‌లైన్‌లో కొన్నదైతే దానంతటదే వస్తుంది. తొందరపడి మీరే రద్దు చేసుకుంటే కోత పడుతుంది. ఈ మూడూ ఉంటే ఆ కుర్రాడు ఇంటికొచ్చేవాడు.

ఇక చెప్పడానికి సిగ్గుపడుతున్న మాట. ఆ శీర్షిక ఫొటో అతనికి పంపింది పత్రికవాళ్లు కాదు. మన సంఘం వాట్సాప్ గ్రూపులో "ప్రయాణాల కోసం ప్రార్థించండి" అని పైన రాసి పెట్టింది నేనే. నాలుగో పేరా నేనూ చదవలేదు. మరుసటి ఆదివారం సంఘం ముందు ఒప్పుకున్నాను, పెద్దావిడ ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. పత్రికకు ఉత్తరం కూడా రాశాను. జవాబు లేదు.

ఈ ఏడు కొడుకు మళ్లీ గోదావరికే తీసుకున్నాడట. ఇప్పుడు రెండు నెలల ముందే కదా రిజర్వేషను, తెరిచిన రోజే కూర్చున్నాడు. మొన్న పెద్దావిడ కనబడి, "ఈపాలి పేపరు సూపించకండయ్యగారూ, ఫోన్చేసి సెప్పండి" అంది. 139 అని పెద్దక్షరాలతో కాగితం మీద రాసి, వాళ్లింటి గోడకు క్యాలెండరు పక్కన అంటించి వచ్చాను.