పట్టి ఎక్కడ ఒగ్గేస్తారు?

"ఇంటికి రెండొందలు ఏసుకుందాం. పట్టేవోల్లని రప్పిద్దాం. కొండల్లో ఒగ్గేస్తే పీడ పోద్ది." శ్రీకాకుళం జిల్లా సముద్రతీరాన మా భావనపాడులో నలుగురు కూడి కోతుల గొడవ ఎత్తారంటే మాట ఆఖరికి వచ్చి ఆగేది ఇక్కడే. మొన్న ఒక పెళ్లి పందిట్లో మళ్లీ విన్నాను. అన్నవాడు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఊళ్లో పదిమందికీ మంచీ చెడ్డా చెప్పేవాడు. కొండల్లో అంటే ఎక్కడ బాబూ అని అడిగాను. "ఎక్కడో అక్కడ. మందస పక్కో, మెళియాపుట్టి పక్కో. అక్కడెవలుంటారు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. ఆ తలలూపడం చూసి నాకు ఒళ్లు మండింది. ఇంకా చల్లారలేదు.

అక్కడ సవర గిరిజనులుంటారు. మందస కొండల్లో, మెళియాపుట్టి కొండల్లో, అవతల సీతంపేట దాకా వాళ్ల ఊళ్లున్నాయి. వాళ్లకీ దొడ్లున్నాయి. పనస, జీడి, పసుపు, అల్లం, చోడి, కంది పండిస్తారు. సీతంపేట వైపైతే అనాస. మన దొడ్లో ఒక ఆనపపాదు పోతే వారం రోజులు తిట్టుకుంటాం. కొండమీద చోడిచేను పోతే ఆ ఇంటికి ఏడాది తిండి పోతుంది. పైగా మనం పంపేది అడవిలో పెరిగిన కోతి కూడా కాదు. డాబాల మీద పెరిగింది, తలుపు గడియ తీయడం నేర్చింది, మనిషి చేతిలో సంచీ కనపడితే అందులో తిండి ఉంటుందని తెలిసింది. దాన్ని తీసుకెళ్లి పూరిళ్ల మధ్య దింపి వచ్చి, పీడ పోయిందని ఊళ్లో చాటుకుంటాం. మన నెత్తినున్నది మనకంటే లేనివాడి నెత్తిన పెట్టడానికి చందాలు కూడానా?

పట్టే పద్ధతి చూసినవాళ్లకి నా కోపం అర్థమవుతుంది. ఇనప బోనులో వేరుశనగ గుళ్లు, అరటిపళ్లు వేస్తారు. తెలిసీ తెలియని పడుచు కోతులు ముందు దూరతాయి. ముదురు ఆడకోతులు గోడమీద కూర్చుని చూస్తాయి తప్ప దగ్గరికి రావు. ఎర్రమూతి కోతుల గుంపుకి ఆ ఆడవే ఆధారం. అవి పుట్టిన గుంపుని వదిలిపోవు. మగవి మాత్రం ఎదిగాక వేరే గుంపుల్ని వెతుక్కుంటూ పోతాయి. ఆడవి మిగిలాయంటే గుంపు మిగిలినట్టే. కడుపు మోసేది ఐదున్నర నెలలు, తిండికి లోటు లేనిచోట దాదాపు ఏటా ఒక పిల్ల. ఇక పట్టేవాడికి తలకింతని కూలి ముడుతుంది. ఎంత దూరం తీసుకెళ్తే అంత డీజిలు వాడి కూలిలోంచే పోతుంది. రాత్రివేళ ఆ బండి ఎక్కడ ఆగుతుందో ఎవరూ అడగరు. మన కోతులు దిగిన ఊరివాళ్లు కూడా రేపు చందా వేసుకుని అవే కోతుల్ని ఇటు తోలిస్తే కాదనే హక్కు మనకుందా? డబ్బు చేతిలో పెట్టే ముందు ఆ ఊరి పేరు కాగితం మీద రాయమనండి. ఆ ఊరి సర్పంచికి మన ఎదుటే ఫోను చేయమనండి. చేసేవాడు ఒక్కడు కనపడితే చెప్పండి.

దేశ రాజధానికే ఈ పని చేతకాలేదు. 2007లో ఢిల్లీ హైకోర్టు ఆదేశంతో నగరంలో కోతుల్ని పట్టి, దక్షిణాన ఉన్న అసోలా భట్టి అభయారణ్యానికి తరలించడం మొదలుపెట్టారు. ఆ ఏడు అక్టోబరులోనే ఢిల్లీ డిప్యూటీ మేయర్ ఎస్.ఎస్. బజ్వా ఇంటి బాల్కనీలో కోతుల్ని అదిలించబోయి కిందపడి చనిపోయాడు. తర్వాత వేల కోతుల్ని తీసుకెళ్లి వదిలారు. వాటి మేతకి ప్రభుత్వమే పళ్లూ కూరలూ కొని వేసింది. 2023 సెప్టెంబరులో జీ20 సమావేశాలకి దేశాధినేతలు వస్తుంటే, అదే నగరంలో కోతులు దారికి రాకుండా కొండముచ్చు బొమ్మలు నిలబెట్టారు. పదహారేళ్లు, కోర్టు ఆజ్ఞ, అంత డబ్బు, అంత యంత్రాంగం, చివరికి అట్టబొమ్మలు. అక్కడ కుదరనిది మన చందాలతో కుదరదు.

అంతదూరం పోనక్కర్లేదు, మన జిల్లాలోనే చూడండి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి ఒక మనిషిని చంపి, మరికొందరిని గాయపరిచింది. మత్తిచ్చి పట్టారు. విశాఖ జూకి తరలిస్తుండగా అది చచ్చిపోయింది. దాంతో ఉద్దానం తోటల్లోకి ఎలుగుల రాక ఆగిందా? జీడిపళ్లు, పనసపళ్లు రాలే కాలం వస్తే ఇప్పటికీ చీకటి పడకముందే జనం ఇళ్లకి చేరాల్సిందే. ఒడిశాలోని లఖేరీ వైపు నుంచి ఏనుగులు దిగిన నాటి నుంచి ఒక మండలం వాళ్లు డప్పులు కొట్టి పక్క మండలంలోకి తోలడం, వాళ్లు తిరిగి వీళ్ల మీదికి తోలడం. 2023 మేలో పక్కనున్న మన్యం జిల్లా భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చనిపోయాయి. తోలడం తప్ప ఇంకో ఆలోచన మన బుర్రల్లోకి రావడం లేదు.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. తోట చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ లాగేవాళ్లతో నాకు వాదన లేదు. రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క రైతు ఆ తీగ మీద పడి చచ్చిపోతే అది హత్యే. పులిబొమ్మలు, ఫోనులో కొండముచ్చు అరుపులు కొన్నాళ్లు పనిచేస్తాయి, ఆ తర్వాత కోతి వచ్చి ఆ బొమ్మ మీదే కూర్చుంటుంది. నిజం కొండముచ్చుని తెచ్చి తాడు కట్టి తిప్పడం చట్టప్రకారం నేరం. ఇంతే, వీటి మీద ఇంతకంటే సమయం పెట్టను.

అసలు కోపం ఎవరి మీదంటే, రోడ్డుపక్క కారు ఆపి, అద్దం దించి, అరటిపళ్లు ఒక్కొక్కటీ విసిరేవాళ్ల మీద. టెక్కలి దాటాక హైవే మీద ఏ మలుపులో చూసినా వీళ్లే. పిల్లల చేత వేయిస్తారు, ఫోటో తీస్తారు, మంగళవారం, శనివారమైతే మరీ ఎక్కువ. అడిగితే ఆంజనేయస్వామి అంటారు. స్వామి మీద భక్తి నాకూ ఉంది. ఆకుపూజ చేయించండి, అప్పాల దండ వేయించండి, సింధూరం పెట్టించండి. బిస్కట్ పాకెట్ చింపి తారురోడ్డు మీద జల్లడం ఏ పూజ? అడవిలో కోతి ఆకూ కాయా పురుగూ వెతుక్కుంటూ పొద్దస్తమానం తిరగాలి. రోడ్డుపక్క పావుగంటలో దాని కడుపూ బుగ్గసంచులూ నిండిపోతాయి. తిండి తేరగా దొరికితే పిల్లలు ఎక్కువ పుడతాయి, ఎక్కువ బతుకుతాయి. పావుగంటలో కడుపు నిండాక మిగిలిన పొద్దంతా ఎక్కడ గడుస్తుంది? మా దొడ్లలో. మీరు పళ్లు పంచి పుణ్యం మూటగట్టుకుని విశాఖ వెళ్లిపోతారు. దాని ఖరీదు మా బొప్పాయి చెట్టు కడుతోంది. ఒకాయనకి ఇదే చెప్పబోతే, "మీకు జీవకారుణ్యం లేదండీ" అని నాకే పాఠం చెప్పి అద్దం ఎత్తేశాడు.

పాదు మీద కోతి చేసే పని ఆయన దగ్గరుండి చూడాలి. ఆనపపిందెని కోసింది, కొస కొరికింది, పారేసింది. ఇంకోటి కోసింది, అదీ అంతే. ఆ తర్వాత తీగ చివరనున్న లేత కొసని పుటుక్కున తుంచి నమిలింది. పిందెలు పోతే మళ్లీ వస్తాయి. కొస పోయిన తీగ పక్క కొమ్మ వేసి, పూత పట్టి, పిందె దించేసరికి కార్తెలు మారిపోతాయి. బొప్పాయికైతే మొవ్వే పీకేస్తాయి.

"అయితే దొడ్లో మొక్కలెందుకు, టెక్కలి బజార్లో దొరకనిదేముంది" అనేవాళ్లు ఇంకో రకం. వీళ్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా ఊరు ఎలా ఉంటుందో తెలియదు. 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే. ప్రభుత్వమిచ్చే 20 వేల భృతి చేతికి రాకముందే అప్పులవాళ్ల లెక్కలో పడిపోతుంది. ఆ రెండు నెలలూ పూటకి కూర అందించేవి ఇసక దొడ్లో మునగచెట్టు, ఆనపపాదు, నాలుగు వంగమొక్కలు. మా వీధిలో ఒక అప్ప అన్న మాట చెబుతాను: "యాట నేని దినాల ఈ పాదే మాకు యాట బావూ." బజారుకి పొమ్మనేవాళ్లు ఆమె ముందు నిలబడి ఆ మాట అనగలరా?

మరికొందరు తేలినీలాపురాన్ని చూపిస్తారు. ఆ ఊరివాళ్లు పక్షులతో కలిసి బతకడం లేదా అంటారు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఆ ఊరి చెట్ల మీద గూళ్లు పెడతాయి, చుట్టుపక్కల తంపరల్లో, అంటే చిత్తడి నేలల్లో, చేపలు తింటాయి. ఎవరి పాదూ పీకవు. వాటికి చోటిచ్చిన ఆ ఊరివాళ్లకి దణ్ణం పెడతాను గాని ఆ పోలిక ఇక్కడ అతకదు. అన్నట్టు, అదే తంపరభూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకే 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఇప్పుడు జీవులతో కలిసి బతకమని మాకు నేర్పుతున్నవాళ్లలో ఆనాడు సంతబొమ్మాళి మండలం వైపు తొంగిచూసినవాళ్లు ఎందరు? "మీరే వాటి అడవిని నరికేశారు" అన్నది కూడా వాళ్ల మాటే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటల్ని ఒక్క రాత్రిలో పడగొట్టింది. ఆ చెట్ల మీద బతికిన కోతి ఊళ్లోకి రాక ఎక్కడికి పోతుంది? దొడ్లో వంగమొక్క పెట్టుకున్న మనిషి మీద ఆ నింద వేయడం అన్యాయం.

ఇక సర్కారు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణలో ఎర్రమూతి కోతిని రక్షణ జాబితాల నుంచి తీసేశారు. 2023 ఏప్రిల్ నుంచి అమలు. దాంతో ఒక కార్యాలయంలో అడిగితే అది మా జంతువు కాదంటారు, ఇంకో కార్యాలయంలో మాకు నిధులు లేవంటారు. మధ్యలో బోను పట్టుకున్న కాంట్రాక్టరు ఒక్కడే అందరికీ దొరుకుతున్నాడు.

మరేం చేయాలంటారా? మాది వలల ఊరు. పనికిరాని వల లేని ఇల్లు లేదు. చాలామంది వాటినే పాదుల మీద కప్పుతున్నారు, మంచి పనే. కాని ఏ వలో చూసుకోవాలి. సన్నటి టంగుసు వల వదులుగా నేలకి జారితే ప్రాణాలు తీస్తుంది. అలా చిక్కుకున్న జెర్రిపోతుని మా వీధిలో బ్లేడుతో కోసి విడిపించాం. టంగుసు పొలుసుల కిందికి దిగిపోయి ఉంది, కదిలినకొద్దీ బిగుస్తోంది. ఒక్కొక్క కన్నూ తెంపుతుంటే అది బుస కొట్టడం కూడా మానేసి అలా పడుకుండిపోయింది. దొడ్లో ఎలకల్ని అదుపులో పెట్టేది ఆ పామే, దాన్ని చంపుకుంటే దుంప మిగలదు. మందపాటి నైలాను వల తీసుకోండి, సరుగుడు వాసాల మీద బిగించి కట్టండి, అంచుని ఇసకలో పాతి పెట్టండి. ఆనప, బీర, వంగ లోపల పెట్టండి. పసుపు, అల్లం, కంద, మిరప బయట ఉన్నా కోతులు వాటి జోలికి అంతగా రావు. ఇంటి కప్పుకి ఆనే కొమ్మలు కొట్టేయండి. వీధిలో ఒక్క ఇల్లే ఇవన్నీ చేస్తే కోతులు పక్కింటికి పోతాయి, కనుక వీధి వీధంతా కలిసే చేయాలి.

కోతులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయడమే చివరికి దారి. హిమాచల్ ప్రదేశ్ 2006-07 ప్రాంతంలోనే మొదలుపెట్టింది. తెలంగాణలో నిర్మల్ దగ్గర 2020 డిసెంబరులో కోతుల కేంద్రం తెరిచారు. శ్రీకాకుళం జిల్లాకీ అలాంటిది ఒకటి కావాలి. ఫలితం కనపడడానికి ఏళ్లు పడుతుంది, ఒక్క గుంపులో సగానికి చేసి వదిలేస్తే లాభం లేదు. ఇవన్నీ జిల్లా అధికారులతో పోరి తేల్చుకోవాల్సిన సంగతులు.

ఈలోగా మా వీధివాళ్లం మాట్లాడుకుంటున్నాం. వేట నిషేధం మొదలయ్యేలోపు వాసాలు పాతేయాలి. పడవలు ఒడ్డున ఉండే ఆ రెండు నెలలూ మగవాళ్లు ఊళ్లోనే ఉంటారు. పొద్దున్నే ఒకరు, సాయంత్రం ఒకరు కాపలాకి వంతులు వేసుకోవడానికి అంతకంటే అదను దొరకదు. వాసాలు తెచ్చే పని ఇద్దరు ఒప్పుకున్నారు. వల బిగించి కట్టడం మా వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.