వేదాద్రి కాలిబాట



కార్తికము ముగియవచ్చినది. గడచిన యాదివారము మేము సకుటుంబముగా వేదాద్రికి బోయితిమి. జగ్గయ్యపేట ప్రాంతమున కృష్ణయొడ్డుననున్న యీ స్థలము పంచనారసింహ క్షేత్రమని మీరెఱిగినదే. సోమకాసురుడు హరించిన వేదములను మత్స్యరూపమున శ్రీహరి కాపాడగా, అవియే యిచట కొండయై నిలిచెనని స్థలపురాణము.

దర్శనమైన పిమ్మట యాత్రికులందఱును కార్లెక్కి మరలిరి. మావారు చెట్టునీడను పత్రిక విప్పిరి. మేమును మా యమ్మాయియు కొండప్రక్క పొదలనడుమ బోవు సన్నని కాలిబాట పట్టితిమి. దానిపై నడచువారు లేరు. గడ్డి పండి పసుపువన్నె తిరిగినది. క్రింద కృష్ణ చప్పుడు చేయక పాఱుచుండెను. ఇంటిపనుల నడుమ మనకు దొరకని నిశ్శబ్దమది.

ఇంతలో అమ్మాయి పావడానిండ నేవో గింజలంటుకొనెను. "పిచ్చిమొక్క, దులుపుకొనుము" అంటిమి. మేకలు కాచుకొను నొక యవ్వ విని నవ్వి, "పిచ్చిమొక్కేంటమ్మగారూ, ఉత్తరేణి గదా! వినాయకుడి పత్రిలో పెట్టరా?" అనెను.

మేము సిగ్గుపడితిమి. బాల్యమునుండి యేటేట చదువు నిరువదియొక్క పత్రములలోని అపామార్గమిదియే! అవ్వ మఱి నాలుగడుగులలో పసుపుపండ్ల ముండ్లమొక్క చూపి వాకుడనెను, అది బృహతి. ఏటివైపు దిగినచోట వావిలిపొద చూపి, బాలింతల స్నానపు నీళ్లలో కాచెడి యాకిదేననెను, అది సింధువారము. పేరులు మాకు కంఠస్థము, మొక్కలామెకు కరతలామలకము. రెండును గలిపి విన్నది మా యమ్మాయి మాత్రమే.

సోదరీమణులారా, నడచువారు లేని బాటను పొదలు మూసివేయును. చూపువారు లేని పేరులకును అదే గతి. బజారున గొన్న పత్రికట్టలో నేయాకు ఏదియో మనలో నెందఱెఱుగుదురు? వచ్చు చవితికి ముందొక యుదయమున బిడ్డలను వెంటగొని, పెద్దలనడిగి, మీ యూరి గట్లపైనే యీ మొక్కలను చూపుడు. ఆ పత్రములలో ఉమ్మెత్తయు గలదు; అది విషము గావున నోట బెట్టుకొననీయకుడు.

ఇల్లు చేరినపిదప పావడానుండి యేరిన గింజలను అమ్మాయి కాగితమున బొట్లముగట్టి, పైన రెండు పేరులును వ్రాసికొనినది.