విజ్జీ గారి ఆట

విజయనగరం కుర్రాళ్లకు విజ్జీ అంటే ఒక స్టేడియం. తెల్లవారకముందే బ్యాటు భుజాన వేసుకుని అక్కడికి చేరే పిల్లల్లో ఎందరికి తెలుసో గానీ, అది ఒక మనిషి ముద్దుపేరు. పూసపాటి విజయానంద గజపతిరాజు. రాజుగారి రెండో కొడుకు కాబట్టి గద్దె అన్నగారిది, ఈయనకు దక్కింది ‘మహారాజ్ కుమార్’ అన్న బిరుదు. రెండోవాడికి ఉండే ఆ చిన్న వెలితే ఆయన్ని జీవితమంతా పరుగెత్తించిందేమో!

ఆటంటే ప్రాణమన్న మాటలో అబద్ధం లేదు. సత్యాగ్రహ ఉద్యమం ఊపులో ఉండి 1930-31లో ఇంగ్లండ్ జట్టు రావడం మానుకుంటే, ఆయన సొంత డబ్బు పెట్టి జట్టు కట్టారు. జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ అంతటివారిని రప్పించి మన దేశంలోనూ సిలోన్‌లోనూ ఆడించారు. కాశీలోని తన భవనం దగ్గరే మైదానం వేయించుకున్నారు. అంతటితో ఆగితే ఆయన పేరు తలచుకుని ఈనాటికీ చేతులెత్తి మొక్కేవాళ్లం.

ఆగలేదు. 1936లో తగుదునమ్మా అంటూ భారత జట్టుకు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లారు. మూడు టెస్టుల్లో కలిపి చేసినవి 33 పరుగులు. జట్టులో సి.కె.నాయుడు ఉన్నారు, తెలుగు మూలాలున్న ఇంటివారే. అంతకు నాలుగేళ్ల ముందు పోర్‌బందర్ మహారాజా, కెప్టెన్ తానే అయినా, తన ఆట సంగతి తాను ఎరిగి లార్డ్స్ టెస్టులో నాయుడుగారికి జట్టును అప్పగించి పక్కకు తప్పుకున్నారు. ఆ పని విజ్జీ గారి వల్ల కాలేదు. పైగా మంచి ఊపులో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో, మొదటి టెస్టు మొదలవకముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపించేశారు. తర్వాత జరిగిన విచారణలో తప్పు అమర్‌నాథ్‌ది కాదని తేలింది. ఆ పర్యటనలోనే విజ్జీ గారికి సర్ బిరుదు వచ్చింది. క్రికెట్ చరిత్ర రాసినవాళ్లు ఆ సంగతిని నవ్వకుండా రాసింది తక్కువ.

రేడియో వ్యాఖ్యాతగానూ వదల్లేదు. పులుల వేట గురించి ఆయన గొప్పలు చెబుతుంటే, రేడియో పెట్టి మీ వ్యాఖ్యానం వినిపిస్తే అవే విసుగెత్తి చచ్చి ఉంటాయని వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్ అన్నారట. నిజమో కల్పనో, కథ మాత్రం నిలిచిపోయింది.

కానీ మనిషిని ఒక్క వేసవితో తూచెయ్యలేం. 1947లో ఆ సర్ బిరుదును తిరిగి ఇచ్చేశారు. 1954 నుంచి మూడేళ్లు క్రికెట్ బోర్డు అధ్యక్షులు, 1958లో పద్మభూషణ్, ఆ తర్వాత విశాఖపట్నం నుంచి లోక్‌సభ సభ్యులు. బ్యాటు కింద పెట్టాకే ఆయన ఆటకు ఎక్కువ పనికొచ్చారు. మన ఊళ్లో ఆయన పేరు మైదానానికి ఉండడమే సబబు. మైదానం తాను ఆడదు, ఇతరుల్ని ఆడనిస్తుంది.

1965 డిసెంబరులో ఆయన కాశీలోనే కన్నుమూశారు. చెప్పకుండా మిగిలిన మాట ఒకటుంది: ఆయన బోర్డు అధ్యక్షుడిగా ఉన్న కాలంలో ఆటగాళ్ల ఎంపిక సంఘానికి పెద్దగా ఉన్నది, ఒకనాడు ఓడెక్కించి ఇంటికి పంపిన ఆ లాలా అమర్‌నాథే.