పట్టేసిన మోటారు

పడవ వెనక తగిలించే మోటారును ఇక్కడ మలయ్ భాషలో ఎంజిన్ సంగ్కుట్ అంటారు. సంగ్కుట్ అంటే తగిలించినది, వేలాడేది. బగాన్ దాతో వైపు తెలుగువాళ్లం కూడా అదే మాట వాడేస్తాం. తెలుగులో చెప్పాలంటే ‘పడవ మోటారు’ అంటే సరిపోతుంది. పాత పడవ మోటార్లు కొని బాగుచేయడం నా సరదా. ఈ సరదాలో మాటిమాటికీ నోట్లోకి వచ్చే క్రియ ఒకటి ఉంది: ‘పట్టు’. ఈ నెల మన మాట అదే.

ముందు దాని చిక్కు చెబుతాను. మా మేనల్లుడికి పద్నాలుగేళ్లు. మొన్న నేను నది నుంచి రాగానే వాడు అడిగాడు: “మామయ్యా, నువ్వు చేపలు పడ్డావా?” వాడి తప్పేమీ లేదు. ‘పట్టు’, ‘పడు’ రెండూ వర్తమానంలో ఒకేలా వినిపిస్తాయి. వాడు చేపలు పడతాడు. వాడు నీళ్లలో పడతాడు. తేడా గతకాలంలో బయటపడుతుంది: పట్టాడు, పడ్డాడు. “చేపలు పట్టాన్రా, నీళ్లలో పడలేదు” అన్నాను. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు, మీరు ఇక తడబడరు.

ఇప్పుడు మోటారు దగ్గరికి వద్దాం. పాత మోటారు అమ్మేవాళ్లు ఎవరైనా చెప్పేది ఒకటే: “పోయిన ఏడాది దాకా బాగా నడిచింది.” నిజమే కావచ్చు. మనం అడగవలసింది ఎలా ఆగింది అని. జవాబు కోసం అతని ముఖం చూడనక్కర్లేదు, మోటారే చెబుతుంది.

పైన తుప్పు పట్టి ఉంటే భయపడకండి. సముద్రం దగ్గర ఇనుముకు తుప్పు పట్టకుండా ఉండదు. ఉప్పు పట్టిన బోల్టులు మాత్రం ఓపికను పరీక్షిస్తాయి. మోటారు ఒళ్లంతా అల్యూమినియం, బోల్టులేమో స్టీలు. ఉప్పునీళ్లు తగిలితే ఈ రెండు లోహాల మధ్య అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడి బోల్టును సిమెంటులా పట్టుకుంటుంది. బలంగా తిప్పితే బోల్టు తల తెగి చేతిలోకి వస్తుంది. తుప్పు వదిలించే నూనె పోసి, కాస్త వేడి చేసి, మర్నాడు మళ్లీ రండి. కుదరకపోతే ఎల్లుండి రండి.

అసలు భయపడవలసింది ‘పట్టేసింది’ అన్న మాటకు. ఇంజను పట్టేసింది అంటే లోపల పిస్టన్ సిలిండర్‌కు అతుక్కుపోయి కదలడం లేదని అర్థం. పై మూత తీసి ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పి చూడండి. తిరగకపోతే కారణం మూడింటిలో ఒకటి కావచ్చు. లోపలికి నీళ్లు పోయి తుప్పు పట్టి ఉండవచ్చు. పెట్రోలులో నూనె కలపకుండా నడిపి ఉండవచ్చు. లేదా చల్లబరిచే నీళ్లు అందక వేడెక్కి ఉండవచ్చు. మొదటిదైతే ఆశ ఉంది. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో నూనె పోసి కొన్ని రోజులు నానబెట్టండి. తర్వాత ఫ్లైవీల్‌ను ముందుకూ వెనక్కీ కొంచెం కొంచెం ఊపండి. స్టార్టు తాడు పట్టుకుని గుంజకండి, తాడు తెగుతుంది. మిగతా రెండు కారణాలైతే లోపల లోహం లోహాన్ని గీరేసి ఉంటుంది. అలాంటిదాన్ని విడిభాగాల ధరకు ఇస్తే కొనండి, లేకపోతే వదిలేయండి.

ఫ్లైవీల్ తిరిగితే తర్వాతి పరీక్ష బొటనవేలిది. ప్లగ్గులు విప్పి, వాటి వైర్లను ఇంజను లోహానికి తగిలించి ఉంచి, ప్లగ్ రంధ్రం మీద వేలు పెట్టి తాడు లాగించండి. గాలి మీ వేలిని నెట్టేయాలి. గేజ్ ఉంటే ఇంకా మంచిది. అంకె ఎంత ఎక్కువ ఉందన్నది కాదు, రెండు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అని చూడాలి. పదో వంతుకు మించి తేడా ఉంటే బేరం అక్కడే ఆపుతాను. ఆ తర్వాత కింద, ఫ్యాను దగ్గరి గేరు పెట్టె అడుగున ఉన్న స్క్రూ విప్పండి. వచ్చే నూనె పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు చేరాయి. సీళ్లు మార్చాలి.

ఇవి దాటిన మోటారుకు సాధారణంగా మిగిలేవి చిన్న జబ్బులే. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు ఎండి, కార్బరేటర్ సన్నటి రంధ్రాల్లో జిగురు పట్టి ఉంటుంది. విప్పి కడగాలి. నీటి పంపులో రెక్కలున్న రబ్బరు చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని చూడకుండానే మార్చేయండి. అది చవక, ఇంజను చవక కాదు. పాత టూ స్ట్రోక్ మోటారుకు పెట్రోలులోనే నూనె కలపాలి. చాలా వాటికి 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు నూనె, అంటే 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. కానీ మోటారును బట్టి ఇది మారుతుంది, పాత వాటికి ఇంకా ఎక్కువ నూనె కావాలి. మీ మోడల్ పుస్తకం చూసి కలపండి.

ఇన్ని చెప్పాను కానీ, ఇవన్నీ చూడకముందు చూడవలసింది ఒకటుంది: నంబరు. పడవకు బిగించే బిగింపు మీద చిన్న రేకు ఉంటుంది, దాని మీద మోడల్, వరుస నంబరు. పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు కొన్నిటికి ఇంజను దిమ్మ మీద గుండ్రటి బిళ్లపై కూడా అదే నంబరు ఉంటుంది. ఆ రేకు పీకేసి ఉన్నా, అంకెలు గీకేసి ఉన్నా ఇక కంప్రెషన్ చూడకండి, ధర అడగకండి, వచ్చేయండి. 15 హార్స్ పవర్ మోటారును ఇద్దరు మనుషులు రెండు బోల్టులు వదులు చేసి రాత్రికి రాత్రి ఎత్తుకుపోగలరు. మర్నాడు పొద్దున ఆ పడవ మనిషికి చేపలు పట్టే పని లేదు, అప్పు మాత్రం ఉంటుంది. మా గట్టు మీద ఒక మలయ్ పెద్దాయన మోటారు అలాగే పోయింది. ఆయన మూడు నెలలు వేరేవాళ్ల పడవలో కూలికి వెళ్లాడు. మన ముత్తాతలు ఒప్పందం మీద వచ్చి కొబ్బరితోటల్లో రోజుకూలి లెక్కన బతికారు. పనిముట్టు పోతే ఇంట్లో పొయ్యి ఎలా ఆరుతుందో మన ఇళ్లలో ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మనకిది సరదా. చవగ్గా దొరికిందని నంబరు లేని మోటారు కొంటే, మన సరదాకు ఎవరో తిండి మానుకున్నట్టే. ఈ విషయంలో నేను ఎవరితోనూ వాదన పెట్టుకోను. నంబరు లేదంటే లేదు.

నా దగ్గర ఇప్పుడున్నది పాత యమహా, 15 హార్స్ పవర్, రెండు సిలిండర్లది. నంబరు శుభ్రంగా ఉంది, అమ్మినాయన దగ్గర కొన్న రసీదు కూడా ఉంది. పట్టేసింది, నాలుగు రోజులు నూనెలో నానాక వదిలింది. బాగుచేయడానికి రెండు నెలలు పట్టింది. (చూశారా, కాలానికి కూడా ‘పట్టు’ వస్తుంది.) ఇప్పుడు పెరట్లో నీళ్ల డ్రమ్ములో నడుస్తోంది, వెనక నుంచి సన్నటి నీటి ధార ఆగకుండా వస్తోంది. ఆ ధార ఆగిన క్షణంలో మోటారు ఆపేయాలని మేనల్లుడికి చెప్పి కూర్చోబెట్టాను. వాడు ఫోను చూడకుండా అరగంట కూర్చోవడం వాళ్లమ్మ నమ్మలేదు.

ఇంకా సముద్రం వైపు తీసుకెళ్లను. పేరాక్ నది సముద్రంలో కలిసే చోట ఆటు సమయంలో నీళ్లు బయటికి లాగుతాయి. ఆటు అంటే నీళ్లు తగ్గడం, పోటు అంటే ఎక్కడం. ఆటులో మోటారు ఆగితే పడవ మలక్కా జలసంధిలోకి కొట్టుకుపోతుంది. అందుకని మొదటి పది గంటలు నది లోపలే, పోటు వేళ, తెడ్లూ లంగరూ పడవలో పెట్టుకుని, పక్కన ఇంకో పడవతో. మేనల్లుడు ‘ఇవాళే వెళదాం’ అని పట్టుబడుతున్నాడు. పట్టుబట్టనీ.

ఈ నెల పని: ‘పట్టు’ ఉన్న వాక్యాలు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఐదు రాయండి. తుప్పు, జలుబు, నిద్ర, దారి, కాలం ఈ ఐదింటితో మొదలుపెట్టవచ్చు. ఒక్కో వాక్యాన్ని గతకాలంలోకి మార్చండి. ‘పడ్డాడు’ అని ఎక్కడైనా వస్తే, ఎవరు నీళ్లలో పడ్డారో చూసుకోండి.