బూడిద అనే పేరు చేసిన చేటు

ఇంటి లోగోడలకు బూడిద రంగా! అని ముక్కున వేలేసుకునేవారు మా తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. దోషం రంగుది కాదు, పేరుది. బూడిద అనగానే కాటివైపు పరుగెత్తే మనసు, అదే బూడిదను శ్రీకాళహస్తిలో విభూతిగా నుదుట ధరించేటప్పుడు జంకదు. చీరల దుకాణంలో పావురాయి రంగంటే మురిసిపోయి మరీ కొంటాము.

అసలీ ఛాయ మనకు కొత్తా? గోడలకు సున్నం కొట్టే రోజుల్లో తెలుపు పచ్చబడకుండా కాసింత నీలిమందు కలిపేవారు. మందు ఓ పాలు ఎక్కువైన గది, మాపటి వెలుగులో నేటి లేత బూడిద గదికి అక్కచెల్లెలే. పైగా మా ఎండలకు తెల్లగోడ కళ్ళు జిగేలుమనిపిస్తుంది. ఇది ఆ వెలుగును కొంత తాగి, మెత్తబరచి ఇస్తుంది.

అయితే మహా టక్కరి రంగు. నీలం పాలు ఎక్కువైతే, ఉత్తరపు కిటికీ ఒక్కటే ఉన్న గది ఆసుపత్రిలా తోస్తుంది. పసుపుమట్టి ఛాయ లీలగా కలిసినదైతే హాయి. నేలపై కుప్పం ఆకుపచ్చ గ్రానైటు పరిచి ఉంటే అదీ గోడమీద తన నీడ వేయక మానదు. కనుక దుకాణంవారి వేలెడంత షేడ్ కార్డును నమ్మరాదు. వార్తాపత్రిక పుటంత మేర రెండు గోడలపై పూయించి, పూర్తిగా ఆరనిచ్చి, ఉదయమూ, మిట్టమధ్యాహ్నమూ, దీపాలు పెట్టాకా చూడాలి.

గడప పసుపూ కుంకుమా ఈ గోడ పక్కన మరింత నిండుగా కనిపిస్తాయని నా అభిప్రాయం. అప్పటికీ పెద్దలు ఒప్పుకోరా? మేస్త్రీకి షేడ్ నంబరు ఇవ్వండి, ఇంట్లో మాత్రం పావురాయి రంగనండి. అబద్ధమేమీ కాదు.